పాత విద్యుత్ గిటారులు, వాల్వు ధ్వనివర్ధకములు: వాని పునరుద్ధరణము

పాతవస్తువులు రెండు విధముల నశించును. ఎవరును పట్టించుకొనక మూల పడవేయుట వలన నశించుట యొకటి. తెలియని యాదరముతో గీకి, కడిగి, క్రొత్తరంగు పూయుట వలన నశించుట రెండవది. మన భీమునిపట్నమందలి డచ్చివారి సమాధులను చూచినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. 17వ, 18వ శతాబ్దములలో ఇచ్చట వర్తకము చేసిన ఆ విదేశీయుల జ్ఞాపకార్థము నిలిపిన రాళ్లను సముద్రపు గాలియు వర్షమును మెల్లమెల్లగా తినివేయుచున్నవి. కాని యెవడైన మంచి యుద్దేశముతోనే ఉలి పుచ్చుకొని పాచి గీకబూనెనేని, గాలి నూఱేండ్లలో చేయని నష్టమును వాడొక్క పూటలో చేయగలడు. మేమీ సంచికలో వ్రాయదలచినది సమాధులను గూర్చి కాదు. పాత విద్యుత్ గిటారులను, వానితో కూడ వాడబడిన వాల్వు ధ్వనివర్ధకములను బాగుచేసి కాపాడు విద్యను గూర్చి. అయినను రెంటికిని వర్తించు న్యాయ మొక్కటియే.

"ఇది పరదేశపు వాద్యము కదా, దీనితో మనకేమి పని?" యని విద్యార్థులు కొంద ఱడుగవచ్చును. మన క్రైస్తవ దేవాలయములలో గిటారు నేడు హార్మోనియము ప్రక్కనే స్థానము సంపాదించుకొన్నది. మన పెద్దలు విన్న రేడియోలును, పెండ్లిండ్లలో, తీర్థములలో మ్రోగిన పాత మైకుసెట్లును ఈ వాల్వులతో పనిచేసినవే. అంతియేకాక, మీరు భౌతికశాస్త్రమున వల్లించు విద్యుదయస్కాంత సూత్రము లన్నియు ఈ పరికరములలో ప్రత్యక్షముగా కానవచ్చును. కావున దీనినొక పాఠముగా చదువుడు.

1. తంత్రి పలుకు విధము

బొబ్బిలి వీణను మీరు చూచియుందురు. బొబ్బిలి సమీపమందలి గొల్లపల్లి శిల్పులు ఒకే పనసదుంగను తొలిచి దానిని చేయుదురు. తంత్రిని మీటగా ఆ కంపము గుఱ్ఱము ద్వారా పైపలకకును, అందుండి బోలుగానున్న కుండకును, గాలికిని చేరును. అనగా వీణకు కఱ్ఱయే కంఠము.

విద్యుత్ గిటారు మార్గము వేఱు. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ధర్మమిది: తీగచుట్టను ఆవరించిన అయస్కాంతక్షేత్రము మాఱినపుడు ఆ చుట్టలో విద్యుత్తు పుట్టును. గిటారు తంత్రుల క్రింద "పికప్" అను చిన్న పరికరము అమర్చబడియుండును. అందు అయస్కాంతముల చుట్టును వెండ్రుకవంటి రాగితీగ కొన్నివేల చుట్లు చుట్టబడియుండును. పెక్కు పాత పికప్పులలో ఈ తీగ మందము ఇంచుమించు 0.06 మిల్లీమీటరు మాత్రమే. పైనున్న ఉక్కుతంత్రి ఆ అయస్కాంతముల వలన తానును కొంత అయస్కాంతమై, కదలినపుడెల్ల క్షేత్రమును కదల్చును. అంతట చుట్టలో ఆ కంపము ననుసరించిన స్వల్పవిద్యుత్తు జనించును. ఈ కారణమున గిటారు కఱ్ఱ బోలుగా నుండనక్కఱలేదు. నిండుపలక యైనను చాలును.

ఇట్టి పికప్పుతో లాస్ ఏంజెలిస్ నగరమున జార్జి బీచం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు 1931, 1932 సంవత్సరములలో ఒక గిటారును సిద్ధపఱచిరి. ఒడిలో పెట్టుకొని వాయించు ఆ హవాయి గిటారు అల్యూమినియముతో పోతపోయబడినది. అది వేపుడు పెనమును పోలియుండుటచే జనులు దానిని "ఫ్రయింగ్ పాన్" అని పిలిచిరి. దానికి పేటెంటు 1937లో లభించెను. పిమ్మట కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేసి జీవించుచుండిన లియో ఫెండర్ 1950లో నిండుపలక గిటారును "బ్రాడ్‌కాస్టర్" అను పేర విక్రయింప మొదలిడెను. 1951లో దానికి "టెలికాస్టర్" అను పేరు వచ్చెను. 1954లో ఆయన "స్ట్రాటోకాస్టర్" వెలువరించెను. గిబ్సన్ వారు 1952లో "లెస్ పాల్" గిటారును చేసిరి. ఫెండర్ గిటారు మెడ జిగురుతో అతుకబడక నాలుగు మరలతో బిగింపబడియుండుట గమనింపదగినది. చెడిన భాగమును విప్పి మార్చుకొనవచ్చును. రేడియో బాగుచేయువాని బుద్ధి ఆ వాద్యమున స్పష్టముగా కనబడుచున్నది.

ఈ విద్య తెలుగువారికి ఎంత యుపకరించినదో తెలియుటకు పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చరిత్రము చాలును. ఆయన ఆరవయేటనే తండ్రిగారి మాండొలిన్ చేతబట్టెను. గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాయింపనేరరు; ఆయన పాడగా శిష్యుడు విని వాయించెడివాడు. 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలికచేరి చేసెను. సామాన్యమైన మాండొలిన్ నందు ఎనిమిది తంత్రులు నాలుగు జంటలుగా నుండును. మీటిన నాదము శీఘ్రముగా అణగిపోవును. కర్ణాటక సంగీతమునకు ప్రాణమైన గమకములు పలుకవలెనన్న నాదము నిలువవలెను. శ్రీనివాస్ జంటతంత్రులను విడిచి, ఐదు ఒంటితంత్రులు గల విద్యుత్ మాండొలిన్ వాయించెను. తంత్రిని ప్రక్కకు లాగినను నాదము చెడక నిలుచుటకు పికప్పును ధ్వనివర్ధకమును సాయపడెను. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 2014లో చెన్నైలో మరణించెను. పరదేశపు పరికరము మన స్వరములను పలుకుటకు ఇంతకంటె దృష్టాంతము వలదు.

2. వాల్వు చేయు పని

పికప్పున పుట్టు విద్యుత్తు మిగుల స్వల్పము. దానిని పెంచి లౌడ్ స్పీకరును కదల్చుటకు ధ్వనివర్ధకము వలయును. పాత ధ్వనివర్ధకములలో ఈ పని చేయునది వాల్వు. అమెరికావారు దానిని ట్యూబు అందురు. ఆంగ్లేయుడైన జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1904లో రెండు ఎలక్ట్రోడుల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడవ యెలక్ట్రోడును చేర్చెను.

గాలి తీసివేయబడిన గాజుబుడ్డిలో కాథోడు ఎఱ్ఱగా కాగి ఎలక్ట్రానులను వెడలించును. అవి అధిక వోల్టేజి గల ప్లేటు వైపునకు పరుగెత్తును. నడుమ సన్నని తీగలతో నల్లిన గ్రిడ్డు కలదు. గ్రిడ్డుమీది వోల్టేజి కొంచెము మాఱినను ప్లేటునకు పోవు ప్రవాహము చాల మాఱును. చెఱువు తూము తలుపును బాలుడు కొంచె మెత్తిన, దించిన, గొప్ప నీటిప్రవాహము హెచ్చుచు తగ్గుచు నుండుట మీరెఱుగుదురు. తలుపు కదల్చుటకు కావలసిన బలము అల్పము. నీటి బలము అధికము. వాల్వు రహస్యమంతయు ఇదియే.

వాల్వునకు తాళగలిగినదానికంటె ఎక్కువ సంకేతము నిచ్చినయెడల, అది ధ్వనితరంగపు శిఖరములను మెల్లగా గుండ్రము చేయును. అందువలన మూలస్వరముతో కూడ క్రొత్త అనుస్వరములు పుట్టి నాదము చిక్కనగును. నిర్మాత దానిని దోషమని తలచెను. గాయకులు దానినే గుణమని కోరిరి. 1962లో లండనులో జిమ్ మార్షల్ అంగడివారు ఫెండర్ వారి "బాస్‌మన్" ధ్వనివర్ధకమును మాదిరిగా గైకొని తమ మొదటి ధ్వనివర్ధకమును చేసిరి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు క్రమముగా వాల్వును రేడియోల నుండి తఱిమివేసినను, గిటారు వాయించువారు మాత్రము వాల్వును విడువలేదు. బెంగుళూరునందు 1954లో స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు పూర్వము వాల్వులను తయారుచేసెను. నేడు క్రొత్త వాల్వులు ప్రధానముగా రష్యా, చీనా, స్లొవేకియా దేశములనుండి వచ్చుచున్నవి.

3. సముద్రతీరపు శత్రువులు

మన పట్టణము గోస్తనీ నది సముద్రమున కలియుచోట నున్నది. ఇచ్చటి గాలిలో తేమయు ఉప్పును కలిసియుండును. ఈ రెండును లోహమునకు శత్రువులు. ఉక్కుతంత్రి త్రుప్పుపట్టును, అది మార్చుట సులభము. పికప్పులోని సన్నతీగకు పచ్చని చిలుము పట్టి యొకచోట తెగినయెడల పికప్పంతయు మూగదగును. ధ్వనిని హెచ్చించి తగ్గించు మీట త్రిప్పినపుడు బరబర శబ్దము వచ్చుటకు లోపలి మురికియే సాధారణ కారణము. స్పీకరులోని కాగితపు గిన్నె తేమకు మెత్తబడి బూజు పట్టును. ట్రాన్స్‌ఫార్మరు చుట్టలు లోలోపల కుళ్లును.

నివారణములు కష్టమైనవి కావు. వాయించిన పిమ్మట తంత్రులను, లోహభాగములను పొడి నూలుగుడ్డతో తుడువవలెను. పెట్టెలో తేమను పీల్చు సిలికా జెల్ పొట్లముల నుంచి, అవి తడిసినపుడు మార్చవలెను. వానకాలమున గోడకు ఆనించి నేలపై నుంచరాదు. పాత అమెరికా గిటారులకు పూసిన నైట్రోసెల్యులోజు లక్కపూత రబ్బరు తగిలినచోట మెత్తబడి మచ్చపడును. కావున రబ్బరు తొడుగుగల నిలుపుడుబల్లపై అట్టి గిటారును నిలుపరాదు. అకస్మాత్తుగా చలినుండి వేడికి మార్చినను ఆ పూత సన్నని బీటలు వాఱును.

4. ప్రాణహెచ్చరిక

ఈ భాగమును తలిదండ్రులుకూడ చదువవలెనని ప్రార్థించుచున్నాము. వాల్వు ధ్వనివర్ధకములో 300 మొదలు 500 వోల్టుల వఱకు విద్యుత్తు నడచుచుండును. దానిని సమముచేయు కండెన్సరులు, తీగను గోడనుండి ఊడదీసిన తరువాతను ఆ విద్యుత్తును తమలో నిలువయుంచుకొనగలవు. కరెంటు లేదుకదా యని చేయి పెట్టిన వానికి ప్రాణాపాయము కలుగవచ్చును. తెలిసిన మెకానిక్కు తగిన రెసిస్టెన్సు ద్వారా ఆ నిలువను నెమ్మదిగా దించి, మీటరుతో కొలిచి, శూన్యమని నిశ్చయించుకొనిన పిదపనే లోపల చేయి పెట్టును. విద్యార్థులు తమంతట తాము ఈ పెట్టెలను విప్పరాదు.

మఱియొక విషయము. అమెరికా పరికరములు ఇంచుమించు 117 వోల్టులకు, 60 సైకిళ్లకు చేయబడినవి. మనకు వచ్చునది 230 వోల్టులు, 50 సైకిళ్లు. నేరుగా తగిలించినచో పరికరము కాలిపోవును. వోల్టులను దించు ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. వోల్టులు సరిపడినను, సైకిళ్లు తగ్గుటచే ట్రాన్స్‌ఫార్మరు ఇనుములో అయస్కాంతప్రవాహము ఐదవవంతు అధికమై, అది యెక్కువగా వేడెక్కును. పాత పరికరములకు రెండు ముళ్ల తీగయే యుండెడిది. దానిని తీసివేసి, మూడు ముళ్ల తీగ వేసి, ఇనుపపెట్టెను ఎర్తుకు కలుపవలెను. పాతదనము చెడునని ఈ మార్పును మానుట తగదు. మనుష్యుని ప్రాణమునకంటె పాత తీగ విలువైనది కాదు.

5. బాగుచేయు క్రమము

మూలపడిన ధ్వనివర్ధకము దొరకగానే స్విచ్చి వేయరాదు. ఏండ్ల తరబడి పనిలేని కండెన్సరులు లోపల ఎండిపోయియుండును. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి తగిలిన అవి పగిలి, తమతో కూడ ట్రాన్స్‌ఫార్మరును చెఱుచును. మన రేడియో మెకానిక్కులు తరతరములుగా వాడు సీరీస్ లాంపు ఇచ్చట మిక్కిలి యుపయోగకరము. కరెంటు మార్గమున 60 లేక 100 వాట్ల పాతరకపు తీగబల్బును వరుసలో కలుపుదురు. లోపల షార్టు ఉన్నచో బల్బు పూర్తిగా వెలుగుచునే యుండును. లోపల సక్రమముగా నున్నచో మొదట వెలిగి పిదప మందగించును. స్పీకరు తగిలింపక వాల్వు ధ్వనివర్ధకమును నడుపరాదు. అట్లు చేసిన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చెడవచ్చును.

చెడిన భాగములను మాత్రమే మార్చవలెను; పాతవన్నియు చెడినవని తలపరాదు. విద్యుత్తును నిలువచేయు పెద్ద కండెన్సరులు కాలముతో చెడుట సహజము. రెసిస్టెన్సులు, ట్రాన్స్‌ఫార్మరులు పెక్కు దశాబ్దములు నిలిచినవి కలవు. ప్రతి భాగమును కొలిచి చూడుడు. తీసిన భాగమును పాఱవేయక, చిన్న సంచిలో వేసి, ఎక్కడనుండి ఎప్పుడు తీసితిమో చీటీ వ్రాసి, పరికరముతోనే యుంచుడు. విప్పుటకు ముందు చిత్రము తీయుడు. చేసిన ప్రతిపనిని ఒక పుస్తకమున వ్రాయుడు. తరువాత వచ్చువాడు మన పనిని తిరిగి విప్పుటకు వీలుండవలెను.

గిటారు రంగు విషయమునను ఇదియే మాట. ఏటికొప్పాక బొమ్మలకు లక్కపూత ఎట్లో, గిటారునకు దాని పూత అట్టిది. అరిగినచోట అరిగినట్లే విడుచుట మేలు. క్రొత్తరంగు వేసిన పాత గిటారు ధర సగము వఱకు తగ్గుట వాడుకలో కలదు. ఎన్నో చేతులు ఆనిన గుర్తులను ఒక సీసా రంగుతో మనము తుడిచివేయుదుము. వానిని తిరిగి తెచ్చుట ఎవరి తరమును కాదు.

6. వయస్సును తెలిసికొనుట, సత్యము చెప్పుట

సంగ్రాహకులు గిటారు వయస్సును తెలిసికొను ఉపాయమొకటి విద్యార్థులకు వినోదము కలిగించును. ధ్వనిని తగ్గించు మీట క్రిందనుండు పొటెన్షియోమీటరు వెనుక కొన్ని అంకెలు గ్రుద్దబడియుండును. ఉదాహరణమునకు 1376632 అని యున్నదనుకొనుడు. మొదటి మూడంకెలు, 137, చేసిన కంపెనీకి గుర్తు, అది సి.టి.ఎస్. వారిది. తరువాతి 66 సంవత్సరము, అనగా 1966. చివరి 32 ఆ సంవత్సరమున ముప్పదిరెండవ వారము. 304 అని మొదలైనచో అది స్టాక్‌పోల్ కంపెనీ వారిది. ఆరంకెలే యున్నచో సంవత్సరమునకు ఒకే యంకె వాడబడినదన్నమాట. 4 అన్నచో 1944 యో 1954 యో ఇతర సాక్ష్యములతో నిర్ణయింపవలెను.

అయితే జాగ్రత్త! ఈ యంకె ఆ చిన్నభాగము పుట్టిన దినమును చెప్పును గాని గిటారు పుట్టిన దినమును చెప్పదు. భాగము కొంతకాలము కార్ఖానాలో నిలువయుండి పిదప గిటారులో చేరవచ్చును. లేదా ఎవరైన తరువాత మార్చియుండవచ్చును. కావున మెడమీది తేదీ, టంకపు అతుకులు, మరల రంధ్రములు, పూత, అన్నిటిని కలిపి విచారింపవలెను. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదను న్యాయము ఇచ్చటను చెల్లును.

ఈ విచారణ అంతయు ఏల యనగా, ధరలు మిక్కిలి హెచ్చినవి. లియో ఫెండర్ తన కంపెనీని 1965లో సి.బి.యస్. వారికి 130 లక్షల డాలర్లకు అమ్మెను. అంతకు పూర్వపు గిటారులను సంగ్రాహకులు ప్రత్యేకముగా కోరుదురు. ధర యున్నచోట మోసమును ఉండును. క్రొత్త కఱ్ఱను గీకి, లోహమును త్రుప్పు పట్టించి, పాతదని అమ్మువారు కలరు. పాత గిటారునకు క్రొత్త పికప్పు వేసి ఆ మాట దాచువారును కలరు.

మార్చుట దోషము కాదు. మార్చి దాచుట దోషము. దీనికి మంచి దృష్టాంతము డేవిడ్ గిల్మర్ అను ఆంగ్ల వాదకుని నల్ల స్ట్రాటోకాస్టర్. ఆయన దాని పికప్పులను, మెడను పెక్కుమార్లు మార్చెను. ఆ మార్పులు ప్రకటములు. 2019 జూన్ నెలలో న్యూయార్కులో జరిగిన వేలమున అది 39 లక్షల 75 వేల డాలర్లకు అమ్ముడుపోయెను. ఆ వేలపు సొమ్మును ఆయన భూవాతావరణ రక్షణకై పాటుపడు ధర్మసంస్థ కిచ్చెను. ఆ గిటారును వాయించిన చేయి ప్రసిద్ధమగుటయే ఆ ధరకు ముఖ్యకారణ మనుట నిజమే. అయినను, దాని మార్పులు తెలిసియుండుటచే కొనువారి నమ్మకము చెడలేదు. దాచిన చిన్న అతుకు మాత్రము బయటపడిన దినమున వస్తువునకును, అమ్మినవాని పేరునకును కళంకము తెచ్చును.

7. మనము చేయదగినది

మనలో ఎవరును 1954 నాటి స్ట్రాటోకాస్టర్ కొనుటకు పోనక్కఱలేదు. మన ఇండ్ల అటుకలపైన, పాత మైకుసెట్ల అంగళ్లలోన, వాల్వు రేడియోలు, ధ్వనివర్ధకములు ఇంకను కొన్ని మిగిలియుండును. ఇనుప సామానులవారు వానిని తూనికకు కొని, రాగికొఱకు ట్రాన్స్‌ఫార్మరులను పగులగొట్టుదురు. విజయవాడ రేడియోకేంద్రము 1948లో ప్రారంభమైన నాడు తెలుగువారు దాని పలుకులను వినినది ఇట్టి వాల్వుల ద్వారానే. ఆ కాలపు సాధనములు శేరులెక్కన పోవుట మనకు గౌరవము కాదు.

కావున విద్యార్థులారా, మీ యింట అట్టిది యున్నచో మొదట కరెంటు తగిలింపకుడు, లోపల విప్పకుడు. పైదుమ్మును పొడిగుడ్డతో తుడిచి, వెనుక చీటీపైనున్న పేరును అంకెలను వ్రాసికొనుడు. ఇంటి పెద్దలను అడిగి దానిని ఎవరు, ఎప్పుడు కొనిరో, దానిపై ఏమి వినిరో తెలిసికొని ఆ పుస్తకముననే చేర్చుడు. పిమ్మట వాల్వులు తెలిసిన పాత రేడియో మెకానిక్కు ఒకరిని వెదకి, ఆయన ప్రక్కన కూర్చుండి చూచి నేర్చుకొనుడు. ఆ విద్య తెలిసినవారు నానాటికి తగ్గుచున్నారు. వాల్వు దొరకినను దానిని చూడగల కన్ను దొరకని దినము రాగలదు. వస్తువును కాపాడుటకంటె ముందు ఆ పెద్దలయొద్దనున్న విద్యను గ్రహించుట మన తక్షణ కర్తవ్యమని మేము తలంచుచున్నాము.